పదుగురి చేతివ్రాత: కృష్ణా డెల్టా విద్యాలయములు, సహరచనా సాధనములు

విద్యారంగమున సామాజిక సాధనముల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల మన సభలలోను పత్రికలలోను రెండు విధములైన మాటలే వినవచ్చుచుండును. తరగతిగది గోడలు కూలిపోయినవి, ఇక విజ్ఞానము సర్వజన సులభమని యొక వర్గమువారు సంబరపడుదురు. ఫోను చేతికందిన పిల్లవాడు చదువునకు దక్కడని మరియొక వర్గమువారు నిట్టూర్తురు. ఈ రెండు మాటలును పరికరమును గూర్చినవే కాని, ఆ పరికరముతో విద్యార్థి యేమి చేయుచున్నాడను ప్రశ్న జోలికి పోవు. వాట్సాపు బృందము, గూగుల్ డాక్స్ పత్రము, మూడుల్ తరగతి, వికీపీడియా వ్యాసము, ప్రభుత్వము పంచిన ట్యాబు, వీనినన్నింటిని ఒకే గాటను కట్టి మెచ్చుకొనుటయు తెగడుటయు రెండును అవివేకమే. వీనిలో కొన్ని విద్యార్థిని శ్రోతగానే కూర్చుండబెట్టునవి. కొన్ని వానిచేత పదిమంది చదువదగినది వ్రాయించునవి. ఈ భేదమును గీటురాయిగా గ్రహించి, విజయవాడ పట్టణమునందును కృష్ణా డెల్టా గ్రామములందును ఈ సాధనముల వినియోగము ఎట్లు నడచినదో పరిశీలించుట ఈ వ్యాసమున నేను పూనుకొన్న పని.

సమష్టిగా చదువుకొనుట, సమష్టిగా విజ్ఞానమును సేకరించుట ఈ సీమకు నూతనములు కావు. 1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల ప్రథమ మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన జరిగినది. దాని వెనుక నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్య గ్రంథాలయోద్యమమును జీవితవ్రతముగా స్వీకరించిన పురుషుడు. 1935లో పాతూరి నాగభూషణము పశ్చిమ డెల్టా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడుల నడుమ పడవలో గ్రంథాలయమును నడిపించెను. రేవు రేవునను పడవ ఆగుటయు, గ్రామస్థులు పుస్తకములు తీసికొని మరల వచ్చునప్పటికి తిరిగి ఇచ్చుటయు ఆ కాలపు పద్ధతి. సర్కారు చేయవలసిన పనిని సామాన్యులు చందాలు పోగుచేసి చేసికొనిన ఆ దినములలో, పుస్తకము చదువువాడే పుస్తకాలయమును నిలువబెట్టువాడు కూడ నయ్యెను. నేటి మాటలలో చెప్పవలెనన్న, వాడుకరియే నిర్వాహకుడు.

ఇంతకన్న దగ్గరి పూర్వోదాహరణము కొమర్రాజు లక్ష్మణరావుది. 1877లో కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలులో జన్మించిన యీ పండితుడు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ రచనకు పూనుకొనెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు సహకరింప, ఒక్కొక్క విషయము ఆయా శాస్త్రములు తెలిసినవారిచేత వ్రాయించి, పరిశీలించి, సవరించి ముద్రించిన ఆ గ్రంథము మూడు సంపుటములైనను ‘అ’ అను మొదటి యక్షరమును దాటలేదు. 1923లో ఆయన దివంగతుడైన పిమ్మట, ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని పునరుద్ధరింప పూనినను, అదియు పూర్ణము కాక మునుపే 1938లో ఆయనయు కన్నుమూసెను. ఒక మహాపురుషుని ఆయువుతో ముడిపడిన విజ్ఞాన సర్వస్వము ఆ యాయువుతోనే ఆగిపోవుననుట ఈ రెండు ప్రయత్నముల చరిత్రవలన స్పష్టము. ఆగిపోవుటకు వీలులేని సర్వస్వమెట్లుండవలెనను ప్రశ్నకు సమాధానము మరి కొన్ని దశాబ్దములకు గాని దొరకలేదు.

ఆ సమాధానపు పుట్టుక సంక్షేపముగా ఇది. అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో ఎవరైనను దిద్దగల పుటల తావును మొదటిసారిగా కల్పించెను; 2001 జనవరి 15న ఆంగ్ల వికీపీడియా వెలసినది. 2002లో మూడుల్ అను తరగతి నిర్వహణ సాధనము వచ్చినది. దీనిని నిర్మించిన మార్టిన్ డూగియామస్ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతమున, బడికి దూరముగా, రేడియో పాఠములతో చదువుకొని పెరిగినవాడగుట గమనింపదగిన విశేషము. 2006లో గూగుల్ సంస్థ ఒకే పత్రమును పలువురు ఏకకాలమున వ్రాయు సౌకర్యము నిచ్చినది. తెలుగునకు మాత్రము మొదట లిపి యడ్డుగా నిలిచెను. రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతియు, దాని పిమ్మట వచ్చిన వెన్న నాగార్జున ‘పద్మ’యు, వీవెన్ ‘లేఖిని’యు ఆ యడ్డును తొలగించినవి. 2003 డిసెంబరులో నాగార్జున చొరవతోనే తెలుగు వికీపీడియా (తెవికీ) ప్రారంభమయ్యెను. 2005లో పాత గ్రంథముల నెలవైన వికీసోర్స్ దాని ప్రక్కన నిలిచెను. తొలినాళ్లలో ఈ భారమును మోసినవారిలో విదేశములలోను మహానగరములలోను ఉద్యోగములు చేయుచుండిన సాంకేతికులు పెక్కురు. కళాశాలలు, ముఖ్యముగా తెలుగు శాఖలు, చాలకాలము దీనిని తమ పనిగా భావింపలేదు. ఇది నిష్ఠురముగా తోచినను చెప్పక తప్పదు.

ఇక ఈ సాధనమునందు విద్య యెక్కడ నున్నదో కొంత నిదానించి చూడవలెను. వికీపీడియాలో ప్రతి వ్యాసమునకు వెనుక ఒక చర్చాపుటయు, ఒక చరిత్రపుటయు నుండును. ఏ వాడుకరి యేనాడు ఏ గంటకు ఏ మాటను చేర్చెనో, ఏ మాటను తొలగించెనో చరిత్రపుట చెప్పును; ఏల చేర్చెనో, ఏల తొలగించెనో చర్చాపుట చెప్పును. ఒక పుటకు మించిన సంగతులు వచ్చినప్పుడు అందరును కూడి మాటలాడుకొను తావునకు తెవికీవారు ‘రచ్చబండ’ యని పేరిడిరి. రెండు మూడు వాక్యములతో మొలచిన వ్యాసమును ‘మొలక’ యందురు. నలుగురు విద్యార్థులు కలసి వ్రాసిన ప్రాజెక్టు నివేదికలో నిజమునకు ఒక్కడే వ్రాసి మిగిలిన ముగ్గురు సంతకము చేయుట మన కళాశాలలలో నెరుగని యధ్యాపకుడు లేడు; బజారులో సిద్ధముగా కొనితెచ్చిన నివేదికల మాట వేరే చెప్పనక్కరలేదు. చరిత్రపుట యున్నచోట ఈ మాయ సాగదు. ఎవని పాలు ఎంతయో గురువునకు కాలక్రమముతో సహా కన్పట్టును. సహరచనలో వ్యక్తిశ్రమను గుర్తింపజాలమను పాత ఆక్షేపణకు ఇంతకన్న సూటియైన జవాబు నేనెరుగను.

మూలముల నియమము ఇంతకన్న ముఖ్యమైనది. తాను కన్నది, తన తాత చెప్పినది ఎంత సత్యమైనను, ప్రచురితమైన ఆధారము లేనిదే అది వికీపీడియాలో నిలువదు. కొల్లేటి గట్టు గ్రామమున పుట్టిన పిల్లకు ఇది మొదట అన్యాయముగా తోచుట సహజము; ఊరి సంగతి ఊరివారికి తెలియకుండ పుస్తకమునకెట్లు తెలియునని ఆమె యడుగును. అడుగవలసినదే. ఆ ప్రశ్నతోనే ఆధారమన నేమి, కర్ణాకర్ణికకు సాక్ష్యమునకు భేదమేమి యను విచారము ఆరంభమగును. గార్డన్ మెకంజీ 1883లో ప్రకటించిన కృష్ణా మండల చరిత్రను వెదకి తెరచుట, జనగణన పట్టికలను చదువుట, పాత పత్రికల సంచికలను త్రిప్పుట తరువాతి మెట్లు. డిగ్రీ మూడేండ్లలో ఒక్కసారియైనను ఇట్టి వెదకులాటకు లోనుకాని విద్యార్థికి పట్టా యిచ్చుట మనకు అలవాటైనది. ఆంధ్ర, తెలంగాణ గ్రామములలో దాదాపు ప్రతిదానికిని తెవికీలో ఒక పుట కలదు. కాని పెక్కింటిలో వైశాల్యము, జనాభా, సమీపపు బడి, సమీపపు వైద్యశాల అను జనగణన వాక్యములే తప్ప ఆ యూరి ముఖము కానరాదు. పెడన కలంకారీకిని, కొండపల్లి బొమ్మలకును, కూచిపూడి నాట్యమునకును పేరుండుటచేత వాని మాట వ్రాయువారు దొరకుదురు. పేరులేని ఊళ్ల మాట ఆయా ఊళ్ల విద్యార్థులే వ్రాయవలెను.

వికీసోర్స్ పనితీరు మన తెలుగు తరగతులకు మరింత అనుకూలమని నా నమ్మకము. ఇక్కడ విద్యార్థి స్వయముగా రచింపడు. హక్కులు తీరిన పాత గ్రంథముల ఛాయాచిత్రములను ప్రక్కన పెట్టుకొని, యంత్రము చదివిన పాఠమును దిద్దును. యంత్రము ధకు థ, పకు వ, యకు మ అని పొరపడుట మామూలు. అరసున్నను మ్రింగివేయును, బండి ఱను తోచినట్లు చదువును. ఒకరు దిద్దిన పుట పసుపురంగు దాల్చును. వేరొకరు మరల సరిచూచి ఆమోదించినప్పుడే ఆకుపచ్చ రంగు దాల్చును. ఒకే మనుష్యుడు రెండు పనులును చేయుటకు వీలులేదు. గ్రాంథిక భాషనెరుగని నేటి విద్యార్థికి నూరేండ్లనాటి వచనమును అక్షరమక్షరముగా చదివించుటకు ఇంతకన్న మృదువైన ఉపాయము లేదు. వ్యాకరణ పాఠమున పది మార్లు చెప్పినను తలకెక్కని అరసున్న, నాలుగు పుటలు దిద్దునప్పటికి కంటికి పట్టుబడును. పైపెచ్చు ఆ శ్రమ పరీక్ష ముగియగనే చిత్తుకాగితముల పాలుగాక, చదువరులందరికి పుస్తకమై మిగులును.

ఇట్టి ప్రయత్నములు సర్వత్ర ఫలించెనని చెప్పుట సత్యదూరము. 2011లో పూణెలోని కొన్ని కళాశాలలలో విద్యార్థులచేత ఆంగ్ల వికీపీడియా వ్యాసములు వ్రాయింప వికీపీడియాను నడుపు వికీమీడియా సంస్థవారు ఒక పథకమును చేపట్టిరి. విద్యార్థులు వందలుగా చేరిరి, వ్యాసములును వందలుగా పెరిగినవి. కాని వానిలో పెక్కు పుస్తకములనుండియు జాలపుటలనుండియు యథాతథముగ ఎత్తి వ్రాసినవని తేలుటతో, వానిని తొలగించుటకు స్వచ్ఛంద సంపాదకులకు తలప్రాణము తోకకు వచ్చినది. ఆ యేడాది ముగియకమునుపే పథకము నిలిపివేసిరి. తప్పు విద్యార్థులదని తోసివేయుట సులభము. పుస్తకములోని వాక్యమును పొల్లుపోకుండ ఒప్పజెప్పినవానికే మొదటి మార్కు లిచ్చుచు పదునైదేండ్లు పెంచిన చదువు, ఒక్కనాడు కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి ‘నీ మాటలలో వ్రాయు’ మన్నచో వారేమి చేయగలరు?

విజయవాడ అనుభవము ఈ వైఫల్యము తరువాతిది గనుక మరికొంత జాగ్రత్తతో నడచినది. 2014 ఫిబ్రవరి 15, 16 తేదీలలో తెలుగు వికీపీడియా దశాబ్ది యుత్సవములు ఈ పట్టణములోని కాకరపర్తి భావనారాయణ కళాశాలయందు జరిగినవి. తెవికీ కార్యకర్తల కిచ్చు పురస్కారమునకు కొమర్రాజు లక్ష్మణరావు పేరుంచిరి. పెనుగంచిప్రోలు బిడ్డకు విజయవాడ చేసిన సముచితమైన తర్పణమది. ఆ కాలముననే, 1953లో జెసూట్ గురువులు స్థాపించిన ఆంధ్ర లయోలా కళాశాల, బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీవారితో ఒప్పందము కుదుర్చుకొని విద్యార్థులకు వికీ రచనలో శిక్షణ నిప్పించుట కారంభించెను. తెలుగు శాఖకే పరిమితము కాక విజ్ఞానశాస్త్ర శాఖల విద్యార్థులను సైతము ఇందులో చేర్చుట మెచ్చదగినది. వృక్షశాస్త్రము చదువు విద్యార్థి మొక్క పేరును దాని గుణమును తెలుగులో వ్రాయవలసి వచ్చినప్పుడు గాని తన శాస్త్రము తన భాషలో తనకెంత తెలియదో తెలియదు. ఐతే ఒక మాట. ప్రపంచమందెల్లెడల ఇట్టి కార్యక్రమముల అనుభవము ఒక్కటే: తరగతి ముగిసిన పిదప వ్రాయుచు నిలిచెడివారు బహు స్వల్పసంఖ్యాకులు. దీనినే పరాజయముగా లెక్కించువారున్నారు. నేను లెక్కింపను. గణితము చదివినవారందరును గణితజ్ఞులు కావలెనని మనమెన్నడును కోరలేదు. కోరవలసినది, కార్యక్రమము ఒక బాహ్యసంస్థ పోషణపై గాక కళాశాల పాఠ్యక్రమముపై నిలుచుట.

ఇంకొక చిక్కు మన సంస్కారములో నున్నది. ఒకరి రచనను మరియొకరు దిద్దుటకు విద్యార్థులు జంకుదురని పెక్కు దేశముల అధ్యాపకులు గమనించినదే. మన వద్ద ఆ జంకు ఇబ్బడి. సీనియరు వ్రాసిన వాక్యమును జూనియరు కొట్టివేయుట, గురువుగారి పుటలో శిష్యుడు ‘ఆధారము కావలెను’ అని గుర్తు పెట్టుట మర్యాదాతిక్రమణముగా తోచును. ఈ సంకోచమును పోగొట్టు మార్గము ఒక్కటే: గురువే మొదట తన వాక్యమును దిద్దించుకొని, తరగతి యెదుట ఒప్పుకొనుట. సాంకేతిక శిక్షణ కన్న ఇది కష్టము.

ప్రభుత్వములు పెద్ద యెత్తున చేసిన యత్నములు వేరొక జాతివి. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడున వెలసి, పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలను ఏటేట చేర్చుకొని, ప్రతివారికిని లాప్‌టాప్ నిచ్చి, ప్రాంగణజాలము ద్వారా దృశ్యపాఠముల నందించెను. మొదటి కులపతియైన రాజ్ రెడ్డి భావన యిందులో స్పష్టముగా కన్పట్టును. 2017 సెప్టెంబరు 5న కేంద్రము దీక్షా అను డిజిటల్ పాఠముల వేదికను ప్రారంభించగా, ఆంధ్రప్రదేశము మొదట దాని నందిపుచ్చుకొనిన రాష్ట్రములలో నొకటి. పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడులు ఆ పిమ్మట వచ్చినవే. 2022 డిసెంబరు 21న పశ్చిమ డెల్టాలోని యడ్లపల్లిలో నాటి ముఖ్యమంత్రి ట్యాబుల పంపిణీకి నాంది పలికిరి. 8వ తరగతి చదువు 4,59,564 మంది విద్యార్థులకును 59,176 మంది ఉపాధ్యాయులకును, మొత్తము 5,18,740 ట్యాబులు. వానిలో బైజూస్ సంస్థ పాఠములు ముందుగానే నింపియుండెను. పాఠములనిచ్చిన ఆ సంస్థయే 2024లో దివాలా ప్రక్రియలో చిక్కుకొనెను. వీనివలన మేలు కలుగలేదని నేననను. నూజివీడు చదువు వేలాది పేద కుటుంబముల గతిని మార్చినది. కాని వీనిలో విజ్ఞానము హెడ్‌స్లూయిసు నుండి కాలువ చివరకు పారు నీటివలె ఒకే దిశను ప్రవహించును. చివరి భూములవారు దానిని గ్రహింపగలరే గాని దానికేమియు చేర్చలేరు. వేలకొలది పాఠములు చూచిన బాలుడు ఒక్క పేరాను పదిమంది కొరకు వ్రాయకయే తరగతి దాటును. వందల కోట్లు వెచ్చించిన పరికరముతో ఊరి పుటకు ఒక వాక్యము చేర్పించుటకు అదనముగా పైసయు కాదు. ఆ యూహ మాత్రము పథకములలో లేకపోయెను.

2020 మార్చిలో కోవిడ్ కారణముగా బడులు మూతపడినప్పుడు ఈ వ్యవస్థ బలాబలములు బయటపడినవి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున గ్రామీణ కుటుంబములలో ఇంటర్‌నెట్ సౌకర్యము గలవి నూటికి 14.9, కంప్యూటరు గలవి 4.4. కావుననే సప్తగిరి దూరదర్శనమున విద్యావారధి పాఠములు ప్రసారము చేయవలసి వచ్చినది. ఉపాధ్యాయులు తమంతట తాము చేపట్టినది వాట్సాపు. గణితపు లెక్కలు కాగితముపై చేసి ఫొటో తీసి పంపుట, ఉపాధ్యాయుడు దానిపైననే ఎర్రగీత గీచి తిరిగి పంపుట డెల్టా గ్రామములలో నాటికి సామాన్యదృశ్యము. ఎవ్వరును శాసింపని ఆ పద్ధతి బడులు తెరచినను పోలేదు; నేడు ఉపాధ్యాయ బృందము లేని మండలము, తల్లిదండ్రుల బృందము లేని బడి అరుదు. 2025 జనవరి 30న ప్రారంభమైన రాష్ట్ర ప్రభుత్వపు ‘మన మిత్ర’ సేవ ద్వారా ఇంటరు హాల్‌టికెట్లు సైతము వాట్సాపునకే చేరినవి. ఐనను వాట్సాపు రచనకు తావు కాదు. అచ్చట మాట క్రిందికి జారిపోవుచుండును; నిన్నటి చర్చను రేపటివారు వెదకలేరు; ఒకే పీడీఎఫ్ పది బృందములలో పదిమార్లు తిరుగునే కాని దానిలోని తప్పును దిద్దుటకు మార్గములేదు.

విజయవాడ పరిసరములందలి ఇంటర్మీడియట్ చదువును విస్మరించి ఈ సమీక్ష ముగియదు. గొల్లపూడి, ఎనికేపాడు, పోరంకి ప్రాంతముల హాస్టళ్లలో వేలాది విద్యార్థులు రెండేండ్లు ఫోను మొగము చూడకుండ ర్యాంకుకొరకు చదువుదురు. పదునాలుగు గంటలు తిరగవేసిన ప్రశ్నలనే మరల తిరగవేయించు ఆ చోట, ఇతరులతో కలసి వ్రాయుటను గూర్చి మాటలాడుట వెర్రితనముగా తోచును. ప్రక్కవాడు పోటీదారుడని నేర్పిన రెండేండ్ల పిమ్మట, వానితో కలసి ఒక పుట వ్రాయుమని ఇంజనీరింగు కళాశాల ఆదేశించినంతమాత్రమున సహకారము పుట్టదు. సాధనముల కొరత కాదు ఇక్కడి జబ్బు.

బాలల రక్షణ విషయమున మాత్రము జాగరూకత అవసరము. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతిని విధించినది. బహిరంగ వేదికపై బాలుడు అసలు పేరుతో వ్రాయనక్కరలేదు, కలము పేరు చాలును. తరగతి చిత్తుపత్రములు మూడుల్‌లో మూసియుంచి, సిద్ధమైన పిదపనే వెలికి తేవచ్చును. ఇక యంత్రమే వ్యాసమును వ్రాసిపెట్టు కాలమున విద్యార్థిచేత వ్రాయించుట ఏలయను ప్రశ్న కొత్తగా వచ్చినది. యంత్రము ఊరి చెరువును గూర్చి నిస్సంకోచముగా అబద్ధము వ్రాయగలదు; దానిని పట్టుకొనుటకు మూలము వెదకుట నేర్చినవాడే కావలెను గనుక, పై పనులకు విలువ పెరిగినదే గాని తరుగలేదు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ విద్యార్థులకు 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును విధించియున్నది. దానికై విద్యార్థులు ఊరూర తిరిగి సర్వేలు జరిపి, నివేదికలు వ్రాసి, ముద్రింపించి, అట్టవేయించి సమర్పింతురు. అవి శాఖా బీరువాలలో చేరును. ఆ సర్వే అంకెలు స్వీయ పరిశోధన యగుటచేత వికీపీడియాకు పనికిరావు. కాని ఆ గంటలలో ఇరువది గంటలను ఊరి పుటకు మూలములు వెదకి నాలుగు పేరాలు చేర్చుటకును, చెరువు, గుడి, బడి, లాకు ఛాయాచిత్రములు తీసి వికీమీడియా చిత్రభాండారమగు కామన్స్‌లో ఉంచుటకును, ఆ మండలమునకు సంబంధించిన పాత పుస్తకమొకటి వికీసోర్స్‌లో దిద్దుటకును కేటాయించుటకు కొత్త చట్టము గాని కొత్త నిధులు గాని అక్కరలేదు. కృష్ణా, గుంటూరు, ఎన్టీఆర్, బాపట్ల జిల్లాల కళాశాలల తెలుగు, చరిత్ర శాఖల పెద్దలు వచ్చు విద్యాసంవత్సరమున ఒక్కొక్కరు ఒక్కొక్క మండలమును చేపట్టి, చరిత్రపుటను చూచి మార్కులు వేయవలసినదిగా నా మనవి.